రాతి శివాలయం వయసు ఎలా కట్టాలి? సున్నం గీకించాలా, వద్దా?

కౌశికగట్టు

కోనసీమలో మా ఊరి పాత శివాలయం గురించి తెలిసినవారి సలహా కావాలండి. గర్భాలయం, దాని ముందున్న చిన్న గది (అంతరాళం) రాతివి. గర్భాలయం మీది విమానం (శిఖర భాగం) ఇటుకది, దాని మీద ఎనామెల్ రంగులు. ముందున్న మండపానికి 16 స్తంభాలు, ఏ నాలుగూ ఒక్క తీరున లేవు. కొన్నింటి కింద పలకరాళ్లు ఎత్తు పెట్టారు. రాతిగోడ పొడవునా తరతరాల సున్నం, పెచ్చులు పెచ్చులుగా ఉంది. కింద నాలుగడుగుల మేర సిమెంటు పూసి టైల్స్ అతికించారు. టైల్స్‌కి సరిగ్గా పైన రాయి పొడిపొడిగా రాలుతోంది, తెల్లగా ఉప్పు పొంగుతోంది. దక్షిణపు గోడలో ఒక రాయి మీద అక్షరాలున్నాయి, అవి తలకిందులుగా ఉన్నాయి.

ఊళ్లో అందరూ ఇది తూర్పు చాళుక్య రాజు చాళుక్య భీముడు కట్టించిన గుడి అంటారు. కార్తీకానికి ముందే సున్నం గీకించి, రాయి కనబడేలా పాలిష్ పట్టించి, లోపల గ్రానైటు పరచాలని కమిటీ అనుకుంటోంది. ఏ భాగం ఏ కాలానిదో చెప్పే గుర్తులేమిటి? ఇప్పుడు చెయ్యదలచిన పనిలో ఏది మంచిది, ఏది చెరుపు?

శిలాలేఖిని

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. డెల్టాలో రాయి పుట్టదు. ఒండ్రుమట్టి, ఇసుక తప్ప మన కింద ఏమీ లేదు. గుడిలోని ప్రతి రాయీ ఎగువ నుంచి ఏటి మీద పడవల్లోనో తెప్పల్లోనో దిగినదే. అంత కష్టపడి తెచ్చుకున్న రాతిని ఎవరూ పారెయ్యలేదు. గుడి పడిపోతే అదే రాతితో మళ్లీ కట్టారు. అందుకే రాయి వయసు వేరు, గోడ వయసు వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లనే మన ఊళ్ల చరిత్రల్లో సగం తప్పులు వస్తున్నాయి.

తలకిందుల శాసనం ఇందుకు తిరుగులేని సాక్ష్యం. ఆ రాయి మొదట వేరే చోట నిలబడింది. దాన్ని గోడలో పెట్టినవాళ్లకు ఆ అక్షరాలు చదవడం రాదు, లేదా వాటితో పనిలేదు. కాబట్టి శాసనం తేదీ ఆ రాతికే చెల్లుతుంది, గోడకు చెల్లదు. గోడ అంతకంటే కొత్తది.

ఇక చూడటం అడుగు నుంచి మొదలుపెట్టండి. పాత తూర్పు చాళుక్య పద్ధతిలో అధిష్ఠానం, అంటే గోడ కింది పీఠం, వరసగా ఉంటుంది: అడుగున ఉపానం, మీద నిటారుగా జగతి, ఆపైన గుండ్రంగానో పలకలుగానో కుముదం, లోపలికి నొక్కినట్టు కంఠం, ఆ మీద పట్టిక. మీకు కుముదం నుంచే కనబడుతుంటే కింది వరసలు నేలలో కూరుకుపోయాయని అర్థం. గోదావరి వరదలు, ఊరి మెరక, కమిటీలు వేసిన మట్టి కలిసి నేలను పైకి లేపుతూ వచ్చాయి. చూడాలని తవ్వకండి, ఉన్నంతవరకు కొలిచి రాసుకోండి. గోడ చుట్టూ ఈ వరసలు తెగకుండా, మూలల్లో సరిగ్గా కలిస్తే అది మొదటి కట్టడం. ఒకచోట కుముదం ఆగిపోయి పక్కన చదును రాయి వస్తే అక్కడ పడి లేచిన గోడ అది.

గోడ మీద కుడ్యస్తంభాలు (గోడలో కలిసిన స్తంభాలు), వాటి మధ్య కోష్ఠాలు (బొమ్మలు నిలిపే గూళ్లు), పైన కపోతం (చూరు), దాని మీద గుర్రపులాడం ఆకారపు గూళ్లు చూడండి. పోల్చుకోవడానికి దగ్గర్లోనే రెండు మంచి పాఠాలున్నాయి. బిక్కవోలు గుళ్లు 9వ శతాబ్దివి. ఆ ఊరి పేరే తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి (849–892) బిరుదాంక అన్న బిరుదు మీద వచ్చింది. అక్కడ కోష్ఠాల్లో దేవతలు, పైన మకరతోరణాలు కనిపిస్తాయి. రెండోది సామర్లకోట భీమేశ్వరాలయం. రెండంతస్తుల విమానం, కింది అంతస్తులో మొదలై పై అంతస్తు దాకా లేచిన లింగం, చుట్టూ ఇసుకరాతి ప్రాకారం, నాలుగు దిక్కులా ద్వారాలు, ప్రాకారం లోపలి వైపు రెండంతస్తుల మండపం. అక్కడి గోడ అలంకారం తక్కువ, కొలత ఎక్కువ. ఒక పూట ఆ గోడ పక్కన నిలబడి చూస్తే మీ గుడి గోడ దగ్గరకు వచ్చాక కళ్లు వేరుగా పనిచేస్తాయి.

చాళుక్య భీముడి మాట. మొదటి చాళుక్య భీముడు 892 నుంచి 921 దాకా ఏలాడు. 360 యుద్ధాలు చేసి తన పేర శివాలయం కట్టించాడని పిఠాపురంలోని మల్లపదేవుడి శాసనం (శక 1124, అంటే 1202) చెబుతుంది. అది భీముడి తరవాత దాదాపు మూడు వందల ఏళ్లకు చెక్కినదని మరిచిపోకూడదు. ఆ ఒక్క మాట పట్టుకుని డెల్టాలో ప్రతి భీమేశ్వరుణ్నీ, పేరులేని ప్రతి రాతిగుడినీ ఆయన ఖాతాలో వేశారు. మీ గుడికి ఆ పేరు ఇవ్వాలంటే గోడ ఒప్పుకోవాలి.

మండప స్తంభాలు వేరే లెక్క. కింద చదరం, మధ్యలో ఎనిమిది పలకలు, మళ్లీ చదరం, పైన బరువైన పోతిక (దూలాన్ని మోసే రాయి), పోతిక మీద అలల్లాంటి గాడులు, మధ్య అడ్డపట్టీ ఉంటే పాతది. నల్లరాతిని తరిమెన పట్టినట్టు గుండ్రంగా తిప్పి నునుపు చేసిన స్తంభమైతే కాకతీయుల రోజుల వైపు చూడండి. మూడు చదరపు దిమ్మెలు, దిమ్మెల మీద చిన్నచిన్న బొమ్మలు, దిమ్మె మూలల్లో నాగబంధం, పోతిక చివర తామరమొగ్గ వేలాడుతుంటే రెడ్డిరాజులు, విజయనగరం నాటివి లేదా ఆ తరవాతివి. మీ 16లో నాలుగూ ఒక్క తీరున లేవన్నారు, కింద ఎత్తురాళ్లున్నాయన్నారు. అంటే వేరువేరు మండపాల నుంచి పోగుచేసినవి. ఆ మండపం వయసు దానిలోని అన్నిటికన్నా కొత్త స్తంభం వయసును మించదు.

ఇటుక విమానానికి పెచ్చు ఊడినచోట ఇటుక కొలవండి. తొమ్మిది అంగుళాల ఇటుక అయితే ఈమధ్య కాలపు పని. అంతకన్నా బాగా పొడుగు, వెడల్పు ఉండి మందం తక్కువైతే జాగ్రత్తగా కాపాడాల్సిన భాగం అదే.

గౌతమిపాయ

శాసనం గురించి నాలుగు మాటలు.

అక్షరాల్లో పసుపు, సుద్ద, బొగ్గు, పెయింటు ఏదీ నింపొద్దు. ఆఖరికి బియ్యప్పిండి కూడా. పిండి చీమల్ని, బూజుని పిలుస్తుంది. పెయింటు పూసిన మనిషి తనకు తోచిన అక్షరమే గీస్తాడు, ఆ తరవాత చదివేవాళ్లు అతని అక్షరాన్ని చదువుతారు.

చేయాల్సింది ఇది. రాత్రి, కరెంటు దీపాలు ఆపి, టార్చి గోడకు ఆనినట్టు పక్కనుంచి వెయ్యండి. గోడకూ వెలుగుకూ మధ్య కోణం పది పదిహేను డిగ్రీలు మించకూడదు. ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, పైనుంచి ఒకటి ఫోటో తియ్యండి. ఒక దిక్కు వెలుగులో కనబడని గీత ఇంకో దిక్కులో తేలుతుంది. ఫోన్ రాతికి ఎదురుగా నిటారుగా పెట్టాలి. పక్కన స్కేలు ఉంచండి. ఫోటోను కంప్యూటర్లో తిప్పుకుంటే తలకిందుల బాధ తీరుతుంది.

మచ్చు తీయడం, అంటే అక్షరాల అచ్చును కాగితం మీదికి తీయడం, తెలిసినవాళ్లు చెయ్యాలి. కొబ్బరి పీచు కుంచెతో నీళ్లు చల్లి రాయి తుడిచి, తడిపిన కాగితం అతికించి, గట్టి కుచ్చు బ్రష్‌తో సమంగా కొట్టి, కాగితం అక్షరం గుంటల్లోకి దిగాక, సగం ఆరినప్పుడు దీపపు మసి, జిగురు కలిపిన సిరాను గుడ్డ ఉండతో అద్దుతారు. గుంటలు తెల్లగా మిగులుతాయి. తడి ఎక్కువైతే సిరా పాకి రాతిని నల్ల చేస్తుంది, మరీ ఆరిపోతే కాగితం అక్షరంలోంచి లేచిపోతుంది. మీ రాయి పొడి రాలే ఇసుకరాయి అయితే మచ్చు అసలు వద్దు, ఆ దెబ్బలకు అక్షరాలే ఊడతాయి. ఫోటో చాలు.

తేదీ ఎలా చదవాలంటే, అంకెలు లేకపోతే మాటల్లో ఉంటుంది. శశి 1, నయన 2, అగ్ని 3, వేద 4, బాణ 5, రస 6, గిరి 7, వసు 8, నంద 9, వియత్ లేదా అంబర 0. మొదటి మాట ఒకట్ల స్థానం. ఉదాహరణకు రస, బాణ, వియత్, శశి అని వరసగా ఉంటే 6, 5, 0, 1. వెనక నుంచి చదివితే శక 1056. దానికి 78 కలిపితే 1134, వెలనాటి చోడుల ప్రాబల్యం నడుస్తున్న రోజులు. పుష్యం, మాఘం, ఫాల్గుణాల్లో తిథి పడితే 79 కలపాల్సి రావచ్చు. శకం బదులు ‘ప్రవర్ధమాన విజయరాజ్య సంవత్సరంబులు’ అని ఉంటే అది ఏలే రాజు పాలనా సంవత్సరం. రాజు ఎవరో తేలితే గానీ తేదీ తేలదు.

విషయం చాలా వరకు దీపదానమే అయ్యుంటుంది. ద్రాక్షారామ భీమేశ్వరాలయంలో వందల శాసనాలున్నాయి, వాటిలో పెద్ద పాలు అఖండవర్తి (ఆరకుండా వెలిగే) దీపాలే. దీపానికి తరచుగా 50 గొఱియలో 25 ఆవులో ఇస్తారు. వాటిని ఒక బోయడు (పశువుల కాపరి) తీసుకుని, తన కొడుకులు మనుమల దాకా రోజుకు మానెడు నెయ్యి పోయాలి. వాటి పాఠాలు దక్షిణ భారత శాసనాల 4వ, 10వ సంపుటాల్లో అచ్చయ్యాయి. పది శాసనాలు చదివితే పదకొండోది సగం మీకే అర్థమవుతుంది, ఎందుకంటే మాటల వరస ఒకటే.

కౌశికగట్టు

మీరు చెప్పినట్టు టార్చి వేసి చూశామండి. ‘మొదవులు’, ‘మానెండు’ అన్న రెండు మాటలు స్పష్టంగా తేలాయి. మొదవులంటే ఏమిటి? తేదీ ఉండాల్సిన చోట రాయి పగిలిపోయింది.

గౌతమిపాయ

మొదవు అంటే పాడియావు. ఆవులిచ్చి వెలిగించిన దీపమన్నమాట. తేదీ పోయినా అక్షరం కొంత చెబుతుంది. తలకట్టు ఇప్పటి టిక్కు గుర్తులా కాక అక్షరం మీద అడ్డంగా చిన్న గీతలా ఉందా, పూర్ణానుస్వారం పక్కన ఉందా, ‘ఱ’ ఎన్నిచోట్ల ఉంది అన్నది చూసి శాసనం తెలిసినవాళ్లు శతాబ్ది వరకు అంచనా వేస్తారు. పగిలిన అంచుల్ని సిమెంటుతో పూడ్చనివ్వకండి. ఆ అంచులో సగం అక్షరం మిగిలి ఉండవచ్చు.

డంగుసున్నం

కమిటీ పెట్టుకున్న మూడు పనుల్లో మూడూ ఆపండి. కారణాలు చెబుతాను.

ఉప్పు సంగతి ముందు. మన నేలలో నీళ్లు పైపైనే ఉంటాయి, సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఆ నీళ్లు ఉప్పు. చుట్టుపక్కల చేపల, రొయ్యల చెరువులు ఉంటే ఇంకా ఎక్కువ. గోడ ఆ నీటిని దీపపు వత్తి నూనెను పీల్చినట్టు పీలుస్తుంది. ఒకప్పుడు అది గోడ అడుగునే ఆరిపోయేది. ఇప్పుడు నాలుగడుగుల సిమెంటు, టైల్స్ దాన్ని ఆరనివ్వవు. నీళ్లు టైల్స్ వెనకాలే ఎక్కి, టైల్స్ అయిపోయిన గీత దగ్గర బయటపడి ఆరతాయి. నీళ్లు పోతాయి, ఉప్పు మిగులుతుంది. ఉప్పు రాతి రంధ్రాల్లో గడ్డకట్టి రాతిని లోపలి నుంచి పగలగొడుతుంది. మీరు రాసిన పొడి అదే. గ్రానైటు నేల వేస్తే ఇప్పుడు నేలలోంచి ఆరుతున్న కాస్త చెమ్మ కూడా గోడలకే మళ్లుతుంది.

టైల్స్ తియ్యాలి, కానీ ఒక్కసారిగా కాదు. ఒక మూల మూడడుగుల ముక్క తీసి చూడండి. సిమెంటు రాతిని గట్టిగా పట్టుకుని ఉంటే సుత్తి, డ్రిల్లు వాడితే రాతి ముఖమే ఊడివస్తుంది. సన్నని ఉలితో, సిమెంటు వైపు నుంచి, రాతికి సమాంతరంగా కొట్టాలి. ఎక్కడైనా రాయి లేస్తుంటే ఆ సిమెంటు అక్కడే వదిలెయ్యండి. తీశాక గోడను ఒక వేసవి ఊరికే ఆరనివ్వాలి. పైకి పూసిన ఉప్పును పొడి కుంచెతో దులిపి, కాగితం పట్టి బయట పారెయ్యండి. నీళ్లతో కడిగితే అది మళ్లీ రాతిలోకే పోతుంది.

తరవాత పట్టు వెయ్యాలి. తెల్ల కాగితపు గుజ్జును డిస్టిల్డ్ వాటర్లో కలిపి, అంగుళం మందాన రాతికి మెత్తగా అద్ది, రెండు మూడు వారాలు దానంతటది ఆరనివ్వండి. ఆరేటప్పుడు ఉప్పు గుజ్జులోకి వస్తుంది. తీసిన గుజ్జు పది గ్రాములు 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్లో నానబెట్టి, చెరువుల వాళ్లు వాడే టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన ఉప్పును చూపేది) పెట్టి అంకె రాసుకోండి. వాడని గుజ్జును కూడా అలాగే కొలిచి పక్కన పెట్టుకోండి. మొదటి పట్టుకూ మూడో పట్టుకూ అంకె బాగా పడిపోవాలి. పడకపోతే కింది నుంచి కొత్త ఉప్పు వస్తూనే ఉందని అర్థం, అప్పుడు వాననీరు గోడ దగ్గర నిలవకుండా కాలువ వాలు సరిచేశాకే మళ్లీ పట్టు.

ఆ మీద గోడకు కావలసింది డంగు సున్నం. గుల్ల సున్నం దొరికితే మేలు. కాల్చిన గుల్లను నీళ్లలో చంపి, కనీసం మూడు వారాలు నీళ్ల కిందే ఉంచండి. సరిగ్గా చావని గుల్ల గోడలో చేరాక ఉబ్బి పొక్కులు లేపుతుంది. ఒక పాలు సున్నానికి రెండున్నర నుంచి మూడు పాళ్లు పదునైన ఏటి ఇసుక. సముద్రపు ఇసుక దగ్గరకు రానివ్వొద్దు. చెమ్మ ఎక్కువ ఉన్నచోట ఇసుకలో మూడో వంతు తీసి మెత్తని ఇటుక పొడి కలపండి. గానుగలో నూరిందే గానుగ సున్నం, గానుగ లేకపోతే రోలులో దంచినా పనికొస్తుంది. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పాత పద్ధతే, కానీ బెల్లం ఎక్కువైతే సున్నం గట్టిపడక చీమలు పడతాయి. ఒక్కో పూత అర అంగుళం దాటకూడదు. తడి గోనెలు కప్పి పది పదిహేను రోజులు ఆరిపోకుండా చూడాలి. ఈ పూత అయిదారేళ్లకు ఉప్పు తిని ఊడిపోతుంది, ఊడిపోవాలి కూడా. రాయికి బదులు అది పోతుంది. కార్తీకం లోపల చెయ్యాలనుకోవద్దు. తుపాన్ల రోజుల్లో వేసిన సున్నం ఆరదు, జారుతుంది. సంక్రాంతి దాటాక మొదలుపెట్టి ఎండలు ముదిరేలోపు ముగించండి.

పాలిష్ మాట వినగానే గుండె ఝల్లుమంది. ఇసుకరాతికి పైన కాలం కట్టిన గట్టి పొర ఒకటుంటుంది. మెషీను ఆ పొరను తీసేస్తే లోపలి మెత్తని రాయి ఒక్క వానాకాలానికే రాలడం మొదలెడుతుంది. ఉలి గీతలూ పోతాయి, అవి పోతే పైన శిలాలేఖిని గారు చెప్పిన గుర్తులన్నీ పోయినట్టే.

రేవులంక

అయితే సున్నం మాత్రమైనా ప్రెషర్ మెషీనుతో కడిగించవచ్చు కదండీ? లేదా పల్చటి యాసిడ్?

డంగుసున్నం

రెండూ వద్దండి. ప్రెషరు నీరు సందుల్లోంచి గోడ గర్భంలోకి వెళుతుంది. పాత గోడకు బయట ఒక వరస, లోపల ఒక వరస రాళ్లు ఉండి, మధ్యలో ముక్కరాళ్లు, మట్టి నింపి ఉంటాయి. ఆ మట్టి కరిగితే గోడ పొట్ట వస్తుంది. యాసిడ్ సున్నాన్ని కరిగించి అక్కడ ఆగదు. ఇసుకరాతిలో ఇసుక రేణువుల్ని పట్టి ఉంచే సున్నపు బంధం ఉంటే దాన్నీ కరిగిస్తుంది, ఇనుము ఉన్నచోట తుప్పు మరకలు తెస్తుంది, కొత్త ఉప్పును లోపల దాస్తుంది.

సున్నం విషయంలో ఇంగ్లండు పల్లె చర్చిల అనుభవం మనకు పనికొస్తుంది. అక్కడ మధ్యయుగపు చర్చిల గోడల నిండా బొమ్మలుండేవి. 1547 తరవాత మతసంస్కరణలో వాటి మీద సున్నం కొట్టారు. ఆ సున్నమే వాటిని మూడు వందల ఏళ్లు కాపాడింది. 19వ శతాబ్దిలో బాగుచేస్తున్నామని రాయి కనబడేలా గోడలు గీకినవాళ్లు ఎన్నో చర్చిల్లో ఆ బొమ్మల్ని పూతతో సహా చెత్తకుప్పలో పోశారు. ఆ గీకుడు ఆపాలనే 1877లో విలియం మారిస్ పాత కట్టడాల రక్షణకు సంఘం పెట్టాడు. మన గోడలకూ ఇదే వర్తిస్తుంది. సున్నం కింద రంగుల పూత ఉందేమో గీకితే గానీ తెలియదు, గీకాక తెలిసి లాభం లేదు.

కాబట్టి ముందు అరచేయంత చోట, ఎవరికీ కనబడని మూల, నీళ్లు చిలకరించి వెదురు చెక్కతో పొర తరవాత పొర లేపండి. ఒక్కో పొరను అంగుళం వెడల్పున మెట్టులా వదిలి ఫోటో తియ్యండి. ఎరుపు, పసుపు, నలుపు గీత కనబడితే అక్కడే చెయ్యి తీసెయ్యాలి. ఏమీ లేకపోతే పెచ్చులుగా లేచిన సున్నం మాత్రం చేత్తో తీసి, గట్టిగా అతుక్కున్నది ఉంచి, మీద పల్చటి సున్నం కొట్టండి. ఎనామెల్ జోలికి ఇప్పుడు వెళ్లకండి. దాన్ని రసాయనంతో తీసే పని రాతి సంరక్షణ చదివినవాళ్లది.

శిలాలేఖిని

ఇంగ్లండు మాట వచ్చింది కనుక, మీ తలకిందుల రాతికి అక్కడ ఒక అన్న ఉన్నాడు. డరమ్ ప్రాంతంలో ఎస్కమ్ అనే పల్లె చర్చి 7వ శతాబ్దిలో రోమన్ల పాత రాళ్లతో కట్టినది. దాని ఉత్తరపు గోడలో రోమన్ ఆరో సైనిక దళం పేరు చెక్కిన రాయి తలకిందులుగానే ఉంది. ఎవరూ దాన్ని తిప్పి పెట్టలేదు. అలా ఉండటమే ఆ గోడ కథ. మీరూ ఆ రాతిని ఊడదీసి గాజు పెట్టెలో పెట్టాలనుకోవద్దు.

విమానం మీద రావిమొక్కలుంటే పీకకండి, వేరుతో ఇటుకలు వస్తాయి. కాండం కోసి, కోసిన చోట కొద్ది నిమిషాల్లోనే కలుపుమందు కుంచెతో అద్ది, ఎండిపోయాక సందును పల్చటి సున్నపు ద్రావణంతో నింపాలి. గోడల్లో పగుళ్లకు అడ్డంగా సున్నంతో చిన్న గాజుపలక అతికించి తేదీ రాయండి. వానాకాలం, వేసవి రెండూ గడిచేసరికి గాజు పగిలితే పునాది కదులుతున్నట్టు. కోనేరు పూర్తిగా తోడించిన ఏడాది మరీ గమనించండి, నీటిమట్టం ఒక్కసారి పడిపోతే కింది మట్టి కుంగుతుంది.

గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంటే 1958 నాటి చట్టం, 2010 సవరణ వర్తిస్తాయి: వంద మీటర్లలో కొత్త కట్టుబడి నిషేధం, ఆపై రెండు వందల మీటర్లలో అనుమతితోనే. దేవాదాయ శాఖ గుడి అయితే ఆ శాఖ ఇంజినీరు, స్థపతుల (గుడి శిల్పుల) చేత రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. నేల తవ్వేటప్పుడు రాగిరేకో విగ్రహమో దొరికితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.

కౌశికగట్టు

ఎన్ని ధన్యవాదాలు చెప్పినా తక్కువే. కమిటీతో మాట్లాడాం, పాలిష్, ప్రెషరు ఆగిపోయాయి. గ్రానైటు నేల మాత్రం దాతలు ఒప్పుకున్నారని పట్టుబడుతున్నారు. నేల నిజంగా ముందే లేచిందని వాళ్లకు కళ్లకు కట్టేలా చూపించే దారి ఏదైనా ఉందా?

శిలాలేఖిని

ఉంది. గర్భాలయం ద్వారం కొలవండి. పాత కొలతల్లో ద్వారం ఎత్తు వెడల్పుకు దాదాపు రెండింతలు. వెడల్పు ఎంత, ఇప్పటి నేల నుంచి పై కమ్మి దాకా ఎత్తు ఎంత? ద్వారపాలకుల పాదాలు కనబడుతున్నాయా? ఉత్తరపు గోడలో సోమసూత్రం (అభిషేకం నీళ్లు బయటికి పోయే రాతి తూము) ఏ ఎత్తులో ఉంది, లోపలి నేలకు పైనా, కిందా?

కౌశికగట్టు

వెడల్పు 31 అంగుళాలు, ఎత్తు 49. ద్వారపాలకుల మోకాళ్ల కింది నుంచి కనబడవు. సోమసూత్రం నోరు లోపలి నేలకు దాదాపు ఏడు అంగుళాలు కిందుగా ఉంది. అభిషేకం నీళ్లు పోవడానికి మధ్యలో పీవీసీ గొట్టం వేశారు.

శిలాలేఖిని

31కి రెండింతలు 62. అంటే అటుఇటుగా 13 అంగుళాల ద్వారం నేల కింద ఉంది. కమిటీని ఆ ద్వారం ముందు నిలబెట్టి టేపు వాళ్ల చేతికివ్వండి. తరవాత ఉత్తరపు వైపు తీసుకెళ్లి గొట్టం చూపించండి. గ్రానైటు, దాని కింది సిమెంటు కలిసి ఇంకో రెండున్నర మూడు అంగుళాలు లేపుతాయి. అప్పుడు ద్వారం 46 అంగుళాలవుతుంది, అర్చకులు బిందె పట్టుకుని నడుం విరుచుకుని లోపలికి వెళ్లాలి. గొట్టం వాలు మారి ఎప్పుడు మూసుకున్నా అభిషేకం నీళ్లు పానవట్టం చుట్టూ నిలిచి గోడల్లోకే పోతాయి. దాతల సొమ్ముతో ఆ గొట్టం తీయించి, సోమసూత్రం రాతి నోటిని శుభ్రం చేయించి, గర్భాలయంలో పాత నేల ఎక్కడుందో దేవాదాయ శాఖ స్థపతి ముందు ఒక్క పలక లేపించి చూడండి. పాత రాతి పలకలు కింద ఉంటే అవే మీకు కావలసిన నేల.